జంపకానాకు రొయ్యలు

మా ఆయనకు చేపల తొట్టె పిచ్చి పెళ్ళయ్యాకే పట్టుకుంది. తిరుచానూరులో మేమున్న ఇంటి హాల్లో ముందు మంచినీళ్ళ తొట్టె పెట్టాడు. కొన్నాళ్ళకు అది చాలక, గోడ పొడవునా ఇంకో పెద్ద తొట్టె చేయించి ఉప్పునీళ్ళు నింపాడు. ఫిల్టరు పట్టిన నీళ్ళలో సముద్రపు ఉప్పు కొలిచి కలపడం, రాళ్ళు పేర్చడం, ఆ రాళ్ళకు పాచి పట్టి నీళ్ళు కుదురుకునే దాకా ఒక్క చేపనూ వదలకుండా నెలల తరబడి ఖాళీ తొట్టెను చూస్తూ కూర్చోవడం, అన్నీ ఓపిగ్గా చేశాడు. మా అత్త దాన్ని చూసి, "ఆవకాయ జాడీ మాదిరి ఊరబెట్టినాడు" అనేది.

మా అత్తగారిది వ్యాపారం చేసుకునే కుటుంబం. బజారులో స్టీలు సామాన్ల కొట్టు ఉంది. ఆ ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. మాది సత్యవేడు దగ్గర పల్లె. సేద్యం చేసుకునేవాళ్ళం. పులికాట్ నుంచి బుట్టల్లో చేపలు వచ్చే ఊరు కాబట్టి వారానికి రెండు మూడు సార్లు ఇంట్లో చేపల పులుసు ఉడికేది. తిరుపతిలో చదువుకునేటప్పుడు మా ఆయనా నేనూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాం. మా అత్త అడ్డు చెప్పలేదు. ఒక్క మాట అడిగింది: "ఇంట్లోకి నీసు రాకూడదు. అదొక్కటే." నేను సరేనన్నాను. ఆ మాట ఆ ఇంటి వరకే. కానీ పుట్టింట్లో తిని వచ్చి వీళ్ళ వంటింట్లో నిలబడటం నాకు నచ్చలేదు. అందుకని ఎక్కడా తినడం మానేశాను. అదేమంత గొప్ప త్యాగమని నేను అప్పుడు అనుకోలేదు.

తొట్టెలోకి చేపలు వచ్చాయి. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలున్న క్లౌన్ చేపలు ఒక జత. అరచేతంత పసుపుపచ్చ చేప ఒకటి. రాళ్ళ మీద పుట్టగొడుగుల్లాంటి మెత్తటి జీవులు కొన్ని. పొద్దున్నే మా అత్త కాఫీ గ్లాసు పట్టుకుని తొట్టె ముందు కుర్చీ వేసుకుంటే ఆ పసుపు చేప అద్దం దాకా వచ్చి ఆమెకెదురుగా నిలబడేది. ఆమె దానితో ఏమీ మాట్లాడేది కాదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ అట్లా ఉండేవాళ్ళు.

క్లౌన్ చేపలు సముద్రంలో ఎనిమొనీ అనే జీవిలో కాపురం ఉంటాయి. పువ్వులా కనిపించే జంతువు అది. మిగతా చేపలకు దాని స్పర్శ విషం, వీటికి మాత్రం పడక. మా ఇంట్లో ఆ జంట రాత్రయితే తొట్టె మూలకు చేరి గాజుకు ఆనుకుని నిద్రపోయేది. అది చూసినప్పుడల్లా మా ఆయన మనసు ఆగేది కాదు. "వాటికి ఇల్లు లేకపోతే ఎట్ల?" అనేవాడు. చివరికి చెన్నైలో చేపలమ్మే ఒకాయన దగ్గర కార్పెట్ ఎనిమొనీ దొరికింది. పేరుకు తగ్గట్టే అది నేల మీద పరిచినట్టు పడి ఉంటుంది.

ఒక ఆదివారం ఇద్దరం కారులో వెళ్ళి తెచ్చాం. ఆక్సిజన్ నింపి కట్టిన పాలిథిన్ సంచిలో, నీళ్ళ అడుగున, పిండి పారేసిన గచ్చుగుడ్డలా ఉందది. దారిలో సత్యవేడు వైపు మళ్ళి మా అమ్మావాళ్ళ ఇంట్లో భోజనానికి ఆగాం. సంచిని ఎండ తగలకుండా వసారాలో పెట్టాడు మా ఆయన. మా అమ్మ వంగి చూసింది.

"ఇదేందే ఇది?"

"సముద్రంలో ఉంటాదిమా. ప్రాణం ఉండాది దానికి."

"తింటారా?"

"లేదుమా. సూసేదానికి."

మా అమ్మ లోపలికి పోయి కంచాలు పెట్టింది. ఆమె చేపల పులుసు చేసింది. మా ఆయనకూ నాకూ వేరే గిన్నెలో పప్పు పెట్టింది. నా కంచంలోకి పప్పు వడ్డిస్తూ నా మొహం కేసి చూసి, మళ్ళీ గిన్నె కేసి చూసుకుంది.

ఇంటికి చేరాక అసలు పని మొదలైంది. ఆ సంచిని కాసేపు తొట్టెలో తేలనిచ్చి, తర్వాత దాని నీళ్ళతో సహా బకెట్టులోకి వంపి, ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించే గొట్టంతో తొట్టె నీళ్ళను చుక్కలు చుక్కలుగా బకెట్టులోకి వదిలాడు. కొత్త నీళ్ళు ఒక్కసారిగా తగిలితే అది తట్టుకోలేదట. మా అత్త వచ్చి ఆ గొట్టాన్ని చూసి, "గ్లూకోస్ ఎక్కిస్తా ఉండావా?" అని అడిగింది. మా ఆయన నవ్వలేదు. నీళ్ళు తిప్పే మోటార్లు ఆపి, వాటి నోళ్ళకు స్పాంజీ చుట్టి, చేతికి తొడుగు వేసుకుని, దాన్ని రెండు రాళ్ళ మధ్య ఇసుక మీద దించాడు. ఆ తొడుగును అది పట్టుకుంది. పనసబంకలా అంటుకుని, మెల్లగా లాగితే గానీ వదల్లేదు.

మొదట్లో అది బతుకుతుందని ఎవరికీ నమ్మకం లేదు. ముడుచుకుని పక్కకు వాలి, నోరు తెరుచుకుని, గోధుమ రంగు జిగురు కక్కుతూ పడి ఉంది. "సచ్చినట్టే ఉండాది గదా," అంది మా అత్త. మా ఆయన స్కూలు పిల్లాడిలా గంట గంటకూ వచ్చి వాసన చూసేవాడు. చస్తే నీళ్ళు కుళ్ళి మిగతావీ పోతాయని అతని భయం. కొన్ని రోజులకు అది తనంతట తాను జరిగి, రాతి సందులో పాదం దించుకుంది. తర్వాత తెరుచుకుంది. లేతాకుపచ్చ రంగులో, పొట్టి పొట్టి వేళ్ళతో, నీటి కదలికకు వరిమడిలా ఊగుతూ, పళ్ళెమంత అయింది. నేల మీద పరిచే తివాచీలా ఉందని మా అత్త దానికి జంపకానా అని పేరు పెట్టింది. మా ఇంట్లో అదే పేరు నిలిచిపోయింది.

క్లౌన్ చేపలు చాలా రోజులు దాని దరిదాపులకు పోలేదు. ఒక సాయంత్రం ఆడది తోకతో దాని అంచును తడిమింది. మర్నాటికి జంట రెండూ దాని మధ్యలో పొర్లుతున్నాయి.

చిక్కు తిండి దగ్గర వచ్చింది. చేపలకు వేసేవి ఎండు గుళికలు. మా అత్త లెక్కలో అవి మందుబిళ్ళల్లాంటివి, వాటికి అభ్యంతరం లేదు. జంపకానా వెలుతురుతో కొంత బతుకుతుంది గానీ, అప్పుడప్పుడూ పచ్చి రొయ్య ముక్క పెట్టాలి. మా ఆయన ఆ సంగతి చాలా రోజులు నసిగి నసిగి చివరికి చెప్పాడు. మా అత్త విని, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. కాసేపటికి వచ్చి తీర్పు చెప్పింది.

"తెచ్చినావు, ఇంగేం చేస్తావు? పెట్టకపోతే పాపం. పెరట్లో నీళ్ళ తొట్టి కాడ తరగండి. కత్తి వేరే, గిన్నె వేరే. ఫ్రిజ్జులో మాత్రం పెట్టేది లేదు."

మొదటిసారి మా ఆయనే తరగబోయాడు. రొయ్య తల తీయబోయి, వాంతి వచ్చి, పెరటి గోడ పట్టుకుని నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక అతను రొయ్యను ముట్టుకోలేదు. నేను కత్తి తీసుకున్నాను. తల తుంచి, పెంకు ఒలిచి, వీపు మీద నల్ల నరం గీసి లాగేశాను. చేతులకు అన్నీ గుర్తున్నాయి. వాటికి నేను చెప్పాల్సిన పని పడలేదు. తలెత్తి చూస్తే మా అత్త పెరటి తలుపు దగ్గర నిలబడి నా చేతులే చూస్తోంది. తర్వాత చింతపండుతో చేతులు రుద్దుకున్నాను. వాసన పోయింది. కానీ ఆ మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు నేను వేళ్ళను ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకున్నాను.

ఆ రోజు నుంచి అది నా పనైపోయింది. బడి లేని రోజు (నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను) బజారుకు పోయి గుప్పెడు రొయ్యలు తెచ్చి, తరిగి, పొడుగాటి పట్టుకారుతో ముక్క అందిస్తే, జంపకానా అంచులు ముడిచి ముక్కను నోటి వైపు జరుపుకునేది. తొందర ఏమీ ఉండేది కాదు దానికి.

ఒక పొద్దున మా అత్త కేక విని హాల్లోకి వచ్చాను. కాఫీ గ్లాసు కుర్చీ పక్కన పెట్టి ఉంది. జంపకానా ముద్దలా ముడుచుకుని ఉంది. దాని నోట్లోంచి పసుపుపచ్చ తోక బయటికి కనిపిస్తోంది.

"తీయండి దాన్ని," అంది మా అత్త. "ఇంట్లోంచి తీసేయండి."

మా ఆయన చెన్నై ఆయనకు ఫోను చేశాడు. రాతికి పట్టిన పాదాన్ని లాగితే చిరుగుతుంది, చిరిగితే చచ్చి నీళ్ళన్నీ పాడు చేస్తుంది, చేయి పెట్టొద్దని ఆయన చెప్పాడు. పెద్ద చేపలను సైతం అది మింగగలదని అప్పుడే చెప్పాడు. సాయంత్రానికి తోక కూడా కనపడలేదు.

"ఇంత పెడతా ఉండాం గదా, ఇంగా చాల్లేదా దానికి?" అని నన్నడిగింది మా అత్త.

"ఆకలై కాదత్తా. నోటి కాడికొస్తే తింటాది. దానికి మన చేప, వేరే చేప అని తెలీదు."

"నువ్వు దాని తరపునే మాట్లాడతావు."

ఆ తర్వాత ఆమె కుర్చీ వరండాలోకి మారింది. కాఫీ అక్కడే తాగేది. నేను రొయ్యలు తరిగే రోజు పెరటి వైపు రావడం మానేసింది. ఇంట్లో గొడవ ఏమీ లేదు. మాటలు మాత్రం అవసరానికే వచ్చేవి.

వేసవి వచ్చింది. మా ఆయన కొట్టు పని మీద చిత్తూరు వెళ్ళిన రోజు మధ్యాహ్నం గాలివాన వచ్చి మా వీధి చివర కరెంటు స్తంభం కూలింది. వాన ఎంతోసేపు పడలేదు, ఉక్క మాత్రం పెరిగింది. ఇన్వర్టరు కొంతసేపు మోటార్లు తిప్పి ఆగిపోయింది. నీళ్ళను చల్లబరిచే యంత్రం అంతకు ముందే ఆగింది. ఫోను చేస్తే మా ఆయన, రాత్రికి గానీ రాలేనని, అప్పటిదాకా నీళ్ళు కదలకుండా ఉంటే అన్నీ ఊపిరాడక చస్తాయని, చెంబుతో ముంచి పైనుంచి పోస్తూ ఉండమని చెప్పాడు.

పక్క వీధి లాడ్జిలో జనరేటరు ఉంది. యాత్రికుల కోసం ఫ్రిజ్జులో పెట్టుకున్న నీళ్ళ సీసాలు అడిగితే ఇచ్చారు. మూతలు తీయకుండా వాటిని తొట్టెలో వదిలాను. స్టూలెక్కి చెంబుతో నీళ్ళు ముంచి పోయడం మొదలుపెట్టాను. జంపకానా చిన్నదైపోయింది. రంగు పాలిపోయింది. క్లౌన్ చేపలు దాన్ని వదిలి పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. చేయి నొప్పి పుట్టి చెంబు మార్చుకుంటుంటే, వరండాలోంచి మా అత్త లోపలికి వచ్చింది. చీర కొంగు నడుముకు దోపుకుంది.

"దిగు. నేను పోస్తా."

"అత్తా, ఇవి రొయ్యలు పడిన నీళ్ళు."

"తెలుసు. దిగు."

ఆమె మణికట్టు దాకా చేయి ముంచి నీళ్ళు తీసి పోసింది. తర్వాత నేను, మళ్ళీ ఆమె, మార్చి మార్చి పోశాం. కిటికీలోంచి ఎండ గోడ మీదికి, గోడ మీదినుంచి బయటికి పోయింది. చెంబు నీళ్ళ చప్పుడే. ఉన్నట్టుండి ఆమె, వెనక్కి తిరక్కుండానే, "మీ ఇంట్లో పులుసు ఎట్ల చేస్తారు?" అని అడిగింది.

చెప్పాను. పాత చింతపండు నానేయడం, మామిడికాయ దొరికితే రెండు ముక్కలు వేయడం, దించాక ఒక రాత్రి ఉంచితే మర్నాటికి రుచి పెరగడం.

"మొన్నెప్పుడో పోయినప్పుడు తినలేదా నువ్వు?"

"లేదత్తా. పెళ్ళయినాక తినలేదు."

"ఎవురు వద్దన్నారు? నేనన్నింది ఈ ఇంటికి."

"ఎవురూ అనలేదు. నేనే మానుకున్నా."

"అడగకనే మానుకుంటే నాకెట్ల తెలుస్తాది?" ఆమె చెంబు ముంచి పోసింది. "తినాలని ఉండదా?"

"అప్పుడప్పుడు ఉంటాది," అన్నాను. ఆ మాట అప్పటిదాకా నేను మా ఆయనతో కూడా అనలేదు. అనడం తేలికగానే అయింది. అదే నాకు ఆశ్చర్యం. ఆమె చెంబు నాకిచ్చి, లాడ్జిలో మిగిలిన చల్లటి సీసాలు తేవడానికి వెళ్ళింది.

దీపాల వేళకు కరెంటు వచ్చింది. మోటార్లు కదిలాయి. మా ఆయన వచ్చేసరికి మేమిద్దరం తడి చీరలతో నేల మీద కూర్చుని ఉప్మా తింటున్నాం. రాళ్ళ మీద పుట్టగొడుగుల్లా పెరిగిన మెత్తటి జీవుల్లో సగం పోయాయి. చేపలు బతికాయి. జంపకానా వారం పైగా ముడుచుకునే ఉండి, తర్వాత అంచు అంచుగా తెరుచుకుంది.

ఆ తర్వాత నేను సత్యవేడు బయల్దేరిన రోజు మా అత్త గుమ్మం దాకా వచ్చి, "ఆడ నిదానంగా తినేసి రా. వచ్చి తలకు పోసుకుంటే సరిపాయె," అంది. మా అమ్మకు ఫోనులో ముందే చెప్పేసిందని అక్కడికి వెళ్ళాక తెలిసింది. పులుసు నాకు గుర్తున్నంత కారంగా లేదు. రెండుసార్లు వడ్డించుకున్నాను.

ఇప్పుడు జంపకానా పెద్ద పళ్ళెం దాటి, తొట్టె నేలలో సగం పరుచుకుంది. ఇంకే చేపనూ తేవడానికి లేదు. ఆ జంట, అది, అంతే. మా అత్త కుర్చీ హాల్లోకి తిరిగొచ్చింది గానీ, తొట్టెకెదురుగా కాదు, టీవీ వైపు. మొన్న అమ్మవారి ఉత్సవాలకు వచ్చిన చుట్టాలావిడ నేనిచ్చిన కాఫీ గ్లాసుతో తొట్టె దగ్గర నిలబడి, ఇదేం తింటుందని అడిగింది. నేను ఏదో ఒకటి చెప్పి దాటేద్దామనుకుంటున్నాను. మా అత్త టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా, "రొయ్యలు. మా కోడలు తరిగి పెడతాది," అంది.

చుట్టాలావిడ చేతిలోని కాఫీ గ్లాసును ఒక్క క్షణం పట్టుకుని ఉండి, తర్వాత తాగింది.