పద్మనాభం గారి ప్రజాస్వామ్యం

పద్మనాభం గారు మా పై వాటాలో ఉండేవారు. దేశ రాజధానిలోని ఆర్.కె.పురం గవర్నమెంటు క్వార్టర్సులో అంత గొంతున్న మనిషి ఇంకొకడు లేడు. ఏదో మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసరు. మా తెలుగు సంఘానికి శాశ్వత అధ్యక్షుడు. ఆయనకు పోటీగా నిలబడే ఓపిక ఎవరికీ లేకపోయింది.

సివిల్స్‌కు చదివే తెలుగు కుర్రాళ్లను ఇంట్లో కూర్చోబెట్టి ఊరికే పాఠాలు చెప్పేవారు. "తనకు నచ్చినట్టు బతికే వీలు ప్రతి మనిషికీ పెరగాలి. మానవాభివృద్ధి అంటే అదీ, రాసుకోండి!" అంటూ కాఫీ తాగేసి, తలైనా తిప్పకుండా ఖాళీ గ్లాసు పక్కకు చాపేవారు. భార్య నాగమల్లేశ్వరి వచ్చి అందుకోవాలి. పని మీద వెళ్లినప్పుడల్లా ఆ చెయ్యి చూసి నాకు ఒళ్లు మండేది.

పక్కనే మునిర్కాలో సంఘానికి ఒక అద్దె గది ఉండేది. ఆదివారం పొద్దున నాగమల్లేశ్వరి అక్కడ పిల్లలకు తెలుగు నేర్పేది. మా పిల్లలంతా హిందీలోనే జవాబిచ్చే రకం. వాళ్లమ్మాయి ఇషిత కూడా అంతే. అలాంటిది, ఆ పిల్ల వాళ్ల అమ్మమ్మకు సొంతంగా తెలుగులో నాలుగు ముక్కలు రాసి పంపింది. ఆ రోజు నాగమల్లేశ్వరి ముఖం చూడాలి!

సరిగ్గా ఆ గది మీదే పడింది పెద్దమనిషి కన్ను. పాఠాలకు ఇల్లు చాలడం లేదట.

"మరి పిల్లలెక్కడ కూర్చుంటారండీ?" అంది ఆవిడ.

"అబ్బ, నువ్వాగవే. సర్వసభ్య సమావేశంలో తేలుతుంది. డెమోక్రసీ!"

ఆ డెమోక్రసీ సంగతీ చెప్పాలి. మా సంఘంలో ఇంటికి ఒకటే ఓటు. అది మగవాడిదే. ఆడవాళ్ల వంతు పులిహోర. ఒక ఏడాది ఊళ్లో లేనివాళ్లు చీటీలు పంపి ఈయనకు ఎదురు ఓటేశారు. దాంతో ఈయనే పట్టుబట్టి నిబంధన మార్పించారు: ఓటింగు సమయానికి ఆ ఇంటినుంచి హాల్లో ఎవరుంటే వాళ్లదే ఓటు. చీటీలు చెల్లవు.

తొంభై ఆరులో జరిగిన సమావేశానికి ఒక మంత్రిగారిని పిలిచారు. సరిగ్గా గది సంగతి చర్చకు వచ్చేసరికి కారు వచ్చిందని కబురు. మగవాళ్లంతా దండలు పట్టుకుని గేటుకు పరిగెత్తారు, అందరికంటే ముందు పద్మనాభం. మోకాళ్ల నొప్పితో కార్యదర్శి సీతారామయ్య గారొక్కరే కుర్చీలో మిగిలారు.

నాగమల్లేశ్వరి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వంటగదిలోంచి వచ్చింది. వెనకే మేం ఆడవాళ్లమంతా వచ్చాం. "కార్యదర్శి గారూ, ఇప్పుడు ఓటింగు పెట్టండి. ప్రతి ఇంటినుంచీ మేమున్నాం."

ఆయన మావైపు చూసి, "ఠీక్ హై. గది పిల్లలకే ఉండాలనేవాళ్లు చెయ్యెత్తండమ్మా," అన్నారు. గరిటెతో సహా ఎత్తాను నేను.

మంత్రిగారు కారు దిగనే లేదట. అద్దం దించి నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. నలిగిన దండతో తిరిగొచ్చిన పద్మనాభం సంగతి విని గయ్యిమన్నారు.

"నేను లేకుండా ఓటింగేంటి? చెల్లదు!"

"నిబంధన తమరిదేనండీ," అన్నారు సీతారామయ్య గారు.

"మా ఇంటి ఓటు ఎవరేశారు?"

"నేనేశానండీ," అంది నాగమల్లేశ్వరి.

ఇంటికి వచ్చే కుర్రాళ్లు పెరగడంతో తర్వాతి ఆదివారం ఆయన గది ఎదురుగా ఉన్న పార్కులో పాఠం పెట్టారు. మా వాణ్ణి తరగతిలో దింపడానికి వెళ్లి విన్నాను. "మా సంఘంలో మహిళలకు ఓటు హక్కు తెచ్చింది నేనే," అని చెబుతున్నాడు, సిగ్గులేని మనిషి! చెబుతూనే ఛాయ్ తాగేసి, తల తిప్పకుండా గ్లాసు పక్కకు చాపాడు.

కుర్రాళ్లు రాసుకుంటున్నారు. ఎదుటి గదిలో ఆవిడ పిల్లలచేత గుణింతాలు చదివిస్తోంది. ఆ చెయ్యి చాలాసేపు అలాగే గాల్లో ఉండిపోయింది.