ఏడో పలక

2006 మార్చి 14, మంగళవారం, ఉదయం పదకొండుంబావు. తెనాలిలో మా డాబా మీద, మబ్బు తునక కూడా లేని ఎండలో అది మొదలైంది.

దయ్యాలనీ శకునాలనీ నేనెన్నడూ నమ్మలేదు. ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పినదాన్ని. ఇప్పుడూ నమ్మడం లేదు. చూసింది చూసినట్టు రాస్తున్నాను, అంతే.

రజియా నా దగ్గర డిగ్రీ చదివిన రేపల్లె అమ్మాయి. బాపట్లలో పరిశోధన చేసేది. కరెంటును పోనిచ్చే పాలిమర్‌లో సెమీకండక్టర్ పొడి కలిపి, గాజు పలక మీద పల్చగా పూస్తే ఎండకు విద్యుత్తు పుడుతుంది. అలాంటి సోలార్ పలకలు నాలుగేళ్లలో ఏడే కుదిరాయి. ఆరు ల్యాబులో ఉన్నాయి. కామెర్లు వచ్చి ఇంటికి పోతూ ఏడోది నా చేతిలో పెట్టింది.

"రోజూ ఎండలో పెట్టి రీడింగ్ చూడండి మేడమ్. నెల రోజులు నిలబడితే నా థీసిస్ గట్టెక్కినట్టే" అంది.

ఆ రోజు మీటరు నాలుగు వందల మిల్లీవోల్టులు చూపిస్తోంది. ఉన్నట్టుండి ఒక మెట్టు దిగింది. ఆగింది. మళ్లీ దిగింది. అలా ఆరుసార్లు దిగి సున్నా దగ్గర నిలిచింది. వైర్లు విప్పి బిగించాను. మీటరు బ్యాటరీ మార్చాను. ఆకుపచ్చ పూత చెక్కుచెదరలేదు. అంకె మాత్రం కదల్లేదు.

మిగతా ఆరింటితో పోల్చి చూద్దామని మర్నాడు బాపట్ల వెళ్లాను. ల్యాబు బీరువాలో రజియా అర ఖాళీగా ఉంది.

"కడిగించేశానండి" అన్నాడు ఆమె గైడు, టీ తాగుతూ. "ఆ గాజు ఎంత ఖరీదో మీకు తెలియందేముంది మేడమ్? కొత్త స్టూడెంట్లకి కావాలి. కామెర్ల పిల్ల ఇప్పట్లో వస్తుందా ఏంటి?"

"ఎప్పుడు కడిగారు?"

"నిన్ననేనండి, పదకొండు దాటాక. ఒక్కోటే యాసిడ్‌లో ముంచి తీయించాను. ఒక్కటీ పగల్లేదు."

"ఆ పిల్ల నాలుగేళ్ల కష్టమయ్యా అది! తోమి బోర్లించడానికి టీ గ్లాసులనుకున్నావా?"

"మీ దగ్గరున్నది కూడా పంపండి మేడమ్, అదీ కడిగిద్దాం" అని నవ్వాడు.

ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఖరీదైన గాజును కడిగి మళ్లీ వాడటం ల్యాబుల్లో అలవాటే. నేనూ కడిగించాను. పూత ఎవరిదో, వాళ్ల పని అయిందో లేదో అడక్కుండా మాత్రం ఎన్నడూ కడిగించలేదు.

అట్నుంచటే రేపల్లె వెళ్లి జరిగింది చెప్పాను. రజియా పచ్చబడ్డ కళ్లతో లేచి కూర్చుంది.

"ఏడోదన్నా పనిచేస్తోందా మేడమ్?"

మీటరు ఆరు మెట్లు దిగి సున్నా దగ్గర ఆగిందని చెప్పాను.

బాపట్లలో పలకలు ముంచితే తెనాలిలో మీటరు ఎందుకు దిగిందో నాకు తెలియదు. తర్వాత ఎన్ని ఎండలకు పెట్టినా ఏడోది సున్నా దాటలేదు. రజియా మళ్లీ ల్యాబుకి పోలేదు.

పోయినవి: యాసిడ్‌లో ఆరు పూతలు, ఏ యాసిడ్డూ తగలని ఏడోది, ఒక ఆడపిల్ల నాలుగేళ్లు, ఆమెకు రావలసిన డాక్టరేటు.

గాజు పలకలు ఆరూ క్షేమం.