బస్సుకి ఓడ వెతికిన రోజులు

మొన్న మా స్కూల్లో లెక్కల టీచరు రిటైరైతే, ఇబ్రహీంపట్నం అవతల కొత్తగా పెట్టిన ఒక ఫామ్‌హౌస్‌లో భోజనాలు పెట్టారు. అక్కడ గడ్డి మీద ఒక కారవాన్ నిలబెట్టి ఉంది. లోపల మంచాలు, బుల్లి వంటగది, కిటికీలకి పూల తెరలు. టీచర్లందరూ దాని మెట్ల మీద కూర్చుని ఫోటోలు దిగారు. నన్నూ రమ్మన్నారు కానీ మోకాళ్ల నొప్పులని తప్పించుకున్నాను. అలాంటి బండి ఒకటి మూడేళ్లపాటు మా వాకిలికి అడ్డంగా ఉండేదని చెబితే అక్కడెవరూ నమ్మేవారు కాదు.

మా మామగారిది గోదావరి లంకల్లోని ఊరు. ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి ఇబ్రహీంపట్నంలో స్థిరపడ్డారు. భూమి చవగ్గా ఉన్న కాలంలో ఇల్లు, పక్కన కాస్త స్థలం కొనుక్కున్నారు. చిన్నప్పుడు వాళ్ల రేవులో పంటు మీద కార్లూ లారీలూ నది దాటడం రోజూ చూసేవారట. ఒకసారి ఒక కుటుంబం కారు దిగకుండానే, లోపల కూర్చుని పులిహోర తింటూ అవతలి ఒడ్డుకి చేరిందట. ఆ పులిహోర గురించి ఆయన చెప్పే తీరు చూస్తే, తనకి ఓ ముద్ద పెట్టలేదన్న బాధ అరవై దాటినా పోలేదనిపించేది. రిటైరయ్యాక, ఊరి చుట్టూ పొలాలన్నీ ప్లాట్లవుతున్న రోజుల్లో, పక్క స్థలం అమ్మి ఒక పాత స్కూలు బస్సు కొన్నారు. దాన్ని ఇల్లుగా మార్చి, ఇంటిల్లిపాదినీ అందులో కూర్చోబెట్టి, సముద్రం దాటించి శ్రీలంక చూపిస్తానన్నారు.

బస్సుని ఇల్లుగా మార్చింది పక్క ఊరి మెకానిక్ చాచా. సీట్లు పీకి మంచాలు బిగించాడు, గ్యాస్ పొయ్యి పెట్టాడు, పైన నీళ్ల ట్యాంకు కట్టాడు. అంతా అయ్యాక దాన్ని, అమ్మేసినా అప్పటికింకా ఖాళీగానే ఉన్న పక్క స్థలం మీదుగా తెచ్చి మా వాకిట్లో నిలిపారు. ఆ రోజు నుంచి ముందు గదికి వెలుతురు పోయింది. కిటికీ తెరిస్తే చేతికి బస్సు రేకు తగిలేది. మల్లెపొద చచ్చిపోయింది. బయటికి రావాలంటే గోడకి వీపు ఆనించి పక్కకి నడవాలి. గ్యాస్ బండ తెచ్చేవాడు గేటు దగ్గరే దింపేసి కేక వేసి వెళ్లిపోయేవాడు. పట్టపగలు లైటు వేసుకుని బియ్యం ఏరుకునేవాళ్లం. మా అత్తగారు బస్సు వైపు ఎప్పుడూ చూసేవారు కాదు.

చీకటి కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది "ప్రయాణం అయ్యాక" అనే మాట. ఫ్యాను బాగుచేయించడం ప్రయాణం అయ్యాక. పాపని మంచి స్కూల్లో వేయడం ప్రయాణం అయ్యాక. మా వారి గోదాము ఉద్యోగం నగరంలో. మీర్‌పేట్‌లో చిన్న ఇల్లు అద్దెకి తీసుకుని, నేను చదివిన బి.ఎడ్‌కి అక్కడో స్కూల్లో చేరాలని మా ఇద్దరి ఆలోచన. అదీ ప్రయాణం అయ్యాకే. మా వారు తండ్రికి ఎదురుచెప్పే మనిషి కాదు. పొద్దున్నే వెళ్లి చీకటి పడ్డాక వచ్చే ఆయనకి ఇంట్లో వెలుతురు లేదన్న సంగతే పెద్దగా తెలియదు.

ఇంట్లో ఇంగ్లీషు రాయగలిగింది నేనే కాబట్టి ఓడ వెతికే పని నా మీద పడింది. ప్రయాణం ఎంత తొందరగా అయితే నేను అంత తొందరగా బయటపడతాను కదా! అందుకే ఆ పని నా అంత శ్రద్ధగా ఎవరూ చేసి ఉండరు. మధ్యాహ్నం భోజనాలయ్యాక సాగర్ రోడ్డు మీది నెట్ సెంటర్‌కి వెళ్లి, అక్షరాలు అరిగిపోయిన కీబోర్డు మీద తూత్తుకుడికి, చెన్నైకి, కొలంబోకి ఉత్తరాలు కొట్టేదాన్ని. అప్పట్లో శ్రీలంకకి మనుషులు వెళ్లే ఓడ లేదు. సరుకుల ఓడల వాళ్లు కొందరు మా బస్సుని ఆఖరి రేకు వరకూ అమ్ముకున్నా రానంత ధర చెప్పేవారు. కొందరు బస్సుని తీసుకెళ్తాం, మనుషులు విమానంలో రావాలనేవారు. "ఇల్లు ఒక దారినా, మనుషులు ఒక దారినా?" అని మామగారు కొట్టిపారేసేవారు. అండమాన్‌కి ఓడలున్నాయని ఆశగా చెప్పాను. అది మన దేశమేగా అన్నారు. నేను చెప్పే ప్రతి ఓడ గురించీ పొడవెంత, ఎన్ని గంటలు పడుతుంది, అన్నం వండుకోనిస్తారా అని అడిగి అడిగి తెలుసుకునేవారు.

ఒక మే నెలలో రెండు కబుర్లు ఒకే వారం వచ్చాయి. నేను దరఖాస్తు పెట్టుకున్న మీర్‌పేట్ స్కూలు హెడ్మిస్ట్రెస్ వచ్చే సోమవారంలోగా చేరాలని, లేకపోతే ఇంకొకరిని తీసుకుంటామని ఫోన్ చేశారు. రెండు రోజులకి తూత్తుకుడి ఏజెంటు ఉత్తరం. ఒక చిన్న సరుకుల ఓడ మా బస్సుని, అందులో మనుషులతో సహా, మేం ఇచ్చుకోగల ధరకే తీసుకెళ్తుందట. ప్రింటు తీసుకుని ఆ ఎండలో దాదాపు పరుగెత్తుతూ వచ్చాను. మామగారు రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "చూద్దాంలే అమ్మాయ్" అన్నారు.

అంతే అన్నారు. నాకు అర్థం కాలేదు. బస్సు సిద్ధం చేయించాలని నేనే చాచా షెడ్డుకి వెళ్లాను. ఆయన చేతులు తుడుచుకుంటూ నన్ను జాలిగా చూశాడు.

"బస్సు ఎట్ల వస్తది బిడ్డా? ఆ పక్క ప్లాటాయన గోడ కట్టిండు గద. మలుపుల తిరగదు. మూరెడు తక్కువుంది."

"ఈ సంగతి మామయ్యగారికి తెలుసా?"

"ఎర్కే. గోడ లేస్తున్నప్పుడే నన్ను పిలిచి టేపు పట్టిపిచ్చిండు. ఎవ్వరికి చెప్పకన్నడు. నేను చెప్పలే. నువ్వు టైర్లు మార్చుమంటున్నవ్, గందుకే చెప్తున్న."

ఆ గోడ లేచి ఏడు నెలలు. నేను నేరుగా ఇంటికి నడిచాను. మామగారు ఎప్పటిలా బస్సులో డ్రైవరు సీట్లో పేపరు చదువుతున్నారు. నేనూ ఎక్కి వెనక మంచం మీద కూర్చున్నాను. లోపల ఉక్కగా, కొత్త రెగ్జిన్ వాసనగా ఉంది.

"గోడ కట్టినప్పుడే కొలిపించారట" అన్నాను.

ఆయన తిరిగి చూడలేదు. "చెబితే ఆ రోజుతో అయిపోతుంది కదమ్మా" అన్నారు. "నువ్వొచ్చి ఆ ఓడల కబుర్లు చెబుతుంటే బాగుండేది."

ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. కోపం వచ్చింది. ఏడు నెలల మధ్యాహ్నాలు, ఏడు నెలల చీకటి గది. "ఈ బస్సు కదలదు మామయ్యగారూ. మేం కదులుతాం. సోమవారం నేను స్కూల్లో చేరుతున్నాను" అన్నాను. పెళ్లయిన తొమ్మిదేళ్లలో అడగడం కాకుండా చెప్పడం అదే మొదలు. ఆయన పేపరు మడిచి, సరేనన్నట్టు తలూపారు. ఆ వేళ మా వారికి నేనే చెప్పాను. ఆయన తండ్రి దగ్గరికి వెళ్లి, కాసేపు పక్కన కూర్చుని వచ్చారు.

సోమవారం చేరాను. వర్షాలు మొదలయ్యేలోపు చాచా వచ్చి వాకిట్లోనే బస్సుని కోసి, ముక్కలుగా బయటికి పంపించాడు. మామగారు దగ్గరుండి ఒక్కో రేకూ అందించారు. చివరి రేకు వెళ్లాక అత్తగారు ముందు గదిలో నిలబడి చుట్టూ చూశారు. "ఈ గోడలకి పసుపు రంగు వేయించామా? మర్చేపోయాను" అన్నారు. ఆ నెలాఖరున మామగారు మీర్‌పేట్‌లో మేం తీసుకున్న అద్దె ఇంటికి వచ్చి, మంచినీళ్లు తాగి, ఆ తూత్తుకుడి వాళ్లకి జవాబు రాశావా అని అడిగారు. రాయలేదన్నాను. "పాపం, మన కోసం చోటు ఉంచారు. రావట్లేదని రాయమ్మా" అన్నారు. ఇద్దరం నెట్ సెంటర్‌కి వెళ్లాం. నేను కొడుతుంటే ఆయన పక్కన నిలబడి తెరని చూస్తూ, "కృతజ్ఞతలు కూడా రాయి" అన్నారు.

చాలా కాలం ఆయన మీద నా కోపం పూర్తిగా పోలేదు. ఆయన పోయాక కూడా. ఇప్పుడు నాకూ ఇంకో రెండేళ్లలో రిటైర్‌మెంటు. ఒకే ఇంట్లో, ఒకే గోడ వెనక గడిపిన ఆ ఏడు నెలలూ నాకు తరగలేదు. ఆయనకి చాలలేదు.