పంది మాంసం బన్నులూ, బండికి నిమ్మకాయా

దిష్టి లేదని ఊరూరా చెప్పుకు తిరిగే మనిషి, తన బండికి తానే నిమ్మకాయా మిరపకాయలూ వేలాడదీసుకుని సభకు వెళ్తే ఎంత పరువు పోతుందో మీరు ఊహించనక్కర్లేదు. నేను వెళ్లాను. కారణం చైనా బన్నులు. అందులో చైనావాళ్ల తప్పేమీ లేదు.

అప్పటికి నాకు కొత్తగా పెళ్లయింది. పినపాకలో నేనూ, నా భార్య సుజాతా, అత్తమ్మా ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. గుమ్మానికి అత్తమ్మ ప్రతి శనివారం కొత్త నిమ్మకాయ కట్టేది. నేను ప్రతి శనివారం ఉపన్యాసం ఇచ్చేవాణ్ని. నిమ్మకాయ వారం ఉండేది. నా ఉపన్యాసం టీ చల్లారేదాకా కూడా నిలిచేది కాదు.

ఆ డిసెంబరు ఆదివారం సాయంత్రం మణుగూరులో మా హేతువాద సంఘం సభ. విషయం దిష్టి. వక్తను నేను. మధ్యాహ్నం భోజనానికి సంఘం అధ్యక్షుడు నర్సయ్య సార్ మా ఇంటికి వస్తానన్నారు. ఆయన రిటైరైన సైన్సు టీచర్. తిండిలో కూడా అంటూముట్టూ పోవాలని వాదించేవాణ్ని కనుక పంది మాంసం పెట్టాలనుకున్నాను. మామూలు కూరైతే అందులో విప్లవం ఏముంది? ఫోన్‌లో ఒక చైనా వంట వీడియో చూశాను. సోయా సాస్‌లో, బెల్లంలో మెత్తగా ఉడికిన మాంసాన్ని పొంగిన మైదా పిండిలో పొదిగి, ఆవిరి మీద ఉడికించిన తెల్లటి బన్నులు!

"అంటే కూర కుక్కిన కుడుములే గదా," అన్నది అత్తమ్మ.

"కుడుములు కాదత్తమ్మా. ఇందులో ఈస్ట్ వేస్తాం. పిండి పొంగి రెండింతలవుతుంది."

"గట్ల రెండింతలు అని నోటితోని అనకు అల్లుడా. పిండికి దిష్టి తగుల్తది."

అంతే. ఎదుట ఉన్నది పెద్దావిడా, పిండి గిన్నా అని చూడకుండా నాలోని వక్త లేచి నిలబడ్డాడు.

"పందెం! పది గంటలకల్లా ఈ పిండి పొంగితే గుమ్మం మీది నిమ్మకాయ తీసెయ్యాలి. మళ్లీ ఎన్నడూ కట్టకూడదు."

"పొంగకపోతే?"

"అదే నిమ్మకాయ బండికి కట్టుకుని సభకు పోతా!"

"పిండి మీద పందెం కాసేటోన్ని నిన్నే చూస్తున్నయ్యా," అన్నది సుజాత.

గది ఉష్ణోగ్రతలో గంటసేపు ఉంచాలని వీడియోలో చెప్పారు. శాస్త్రీయంగా చెప్పారు కదా, శాస్త్రీయంగానే గదిలో, చల్లటి బండల మీద పెట్టాను. బయట పొగమంచు. నేను స్వెట్టర్ వేసుకుని, పైన మఫ్లర్ చుట్టుకుని, దాని మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాను. పిండికి మాత్రం గది చాలనుకున్నాను.

పది అయింది. మూత తీస్తే పిండి, డిపాజిట్ పోయిన అభ్యర్థిలా చతికిలబడి ఉంది.

అత్తమ్మ గిన్నెను వాకిట్లోకి తెచ్చి, ఉప్పూ ఎండుమిరపకాయలూ దాని చుట్టూ తిప్పి, నీళ్లు కాగే కట్టెల పొయ్యిలో పడేసింది. గిన్నెను పొయ్యి పక్కనే పెట్టి గుడ్డ కప్పింది. "గిక్కడనే ఉండనీ. లోపటికి తెస్తే మళ్ల నీ కన్నే పడ్తది."

నర్సయ్య సార్ వచ్చి, జరిగింది విని, నవ్వు ఆపుకుని కూర్చున్నారు. లోపల మాంసం మెత్తబడేసరికి బయట పిండి గుడ్డను తలమీద మోస్తూ గిన్నె దాటి తొంగి చూస్తోంది.

"చూసినవా అల్లుడా?"

"అది పొయ్యి సెగ! చలికి ఈస్ట్ పని చేయలేదు, వేడికి లేచింది!"

"మరి పొద్దుగాల గా ముక్క ఎందుకు చెప్పలే?"

"వీడియోలో గది ఉష్ణోగ్రత అన్నారు..."

"ఏ గది?" అన్నారు నర్సయ్య సార్.

నేను ఫోన్ తీసి ఆ వీడియో మళ్లీ వెతికాను.

"వీడియో తీసినోళ్ల గదా, మన గదా? ఎవరో చెప్పిన్రని నమ్మకండి, పరీక్షించండని పోయిన సభల గొంతు చించుకున్నది నువ్వే గదవయ్యా?"

"సెగ వల్లేనని మీరైనా చెప్పండి సార్!"

"సెగ వల్లనే. రుజువేది? పిండి రెండు గిన్నెలల్ల పెట్టి, రెండూ పొయ్యి కాడనే ఉంచి, ఒకదానికే దిష్టి తియ్యాల్సింది. తియ్యలే. పందెం పది గంటలకు. పది గంటలకు పొంగలే. నిమ్మకాయ కట్టుకో."

ఇడ్లీ పాత్రలో బన్నులు ఉబ్బి, ఒకదాన్నొకటి కరుచుకుని ఒకే ముద్దగా దిగాయి. అత్తమ్మ తిని తీర్పిచ్చింది. "కూర మంచిగుంది. పైన గా పిండి ఎందుకు?"

మణుగూరులో బండిని హాలు వెనక దాచబోయాను. సార్ గుమ్మం ముందే పెట్టించారు. మా సభలకు ఎప్పుడూ మా సభ్యులే వస్తారు, ఒకరి మాటకు ఒకరం తలూపుకుంటాం. ఆ సాయంత్రం హాలు నిండిపోయింది. నా వాగ్ధాటి ఇంతకాలానికి జనానికి తెలిసిందని పొంగి, పిండి కంటే ఎక్కువగా పొంగి, దిష్టిని చీల్చి చెండాడాను.

అయిపోయాక ఒక పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు. రాగానే చేతులు పట్టుకుని అన్నాడు:

"మంచిగ చెప్పిన్రు సారు. మీ సభలకు ఎన్నడు రాలే. బండికి కట్టింది చూసి మనోళ్లే అనుకొని అందరం కూసున్నం. నడుమల లేస్తే మర్యాద గాదని మొత్తం విన్నం."

"వచ్చే నెల కూడా కట్టుకుని రావయ్యా," అన్నారు నర్సయ్య సార్.

దేవుడి మీద ప్రమాణం చేయలేను కనుక ఇడ్లీ పాత్ర మీద చేయి పెట్టి చెబుతున్నాను. ఇకమీదట ఎంతటి వీడియో 'గది' అన్నా, ఏ గదో తేల్చుకోకుండా పిండి కలపను, పందెం అసలే కాయను. నిమ్మకాయ గురించి మాత్రం ఏ ప్రమాణమూ చేయలేను. ప్రతి సభకూ అది కట్టుకునే రావాలన్న సంఘం తీర్మానం నాకు వ్యతిరేకంగా ఉంది.