సిలాస్ పుస్తకంలో మా అవ్వ పేరు

మా తాత క్వాకో టాబ్ నోరు విప్పితే చాలు, ప్లిమత్ రేవులో బానిసల ఓడలు సిగ్గుతో వాటంతట అవే మునిగిపోయేవి. ఆయన పుస్తకం చదివిన బిషప్పులు టీలో బానిసల చెమటతో వచ్చే పంచదార మానేసి, ఆ చేదుకు ఏడుస్తూ తాగేవారు. అంతటివాడికి ఒక్కటే జబ్బు, అసూయ. అదీ ఒక్క మనిషి మీదే. ఆ మనిషి సిలాస్ మెర్సర్.

ఇద్దరూ బార్బడోస్ దీవి చెరకుతోటల్లో బానిసలుగా ఉండి బయటపడ్డవాళ్ళే. ఇద్దరూ తమ కథ రాసి అచ్చేయించారు. మనుషుల్ని అమ్మే వ్యాపారం ఆపమని ఊరూరా తిరిగి చెప్పారు. పుస్తకానికి ముందే డబ్బు కట్టినవాళ్ళ పేర్లు మొదటి పుటల్లో వేయడం అప్పటి ఆనవాయితీ. తాత పుస్తకంలో రెండు వందల పదకొండు పేర్లున్నాయి. సిలాస్ పుస్తకంలో నాలుగు వందల ఆరు.

ఒకసారి, పార్లమెంటుకు పంపే అర్జీ మీద సంతకాలు పెట్టించడానికి మధ్యాహ్నం ఊళ్ళో సభ పెట్టారు. సిలాస్ మాట్లాడతాడని తెలిసి తాత రానని భీష్మించుకున్నాడు. తన క్షౌరశాలలో కూర్చున్న, ఓడలకు తాళ్ళు పేనే జోరీ పెండర్‌కు ఒక చేత్తో గడ్డం గీస్తూ, రెండో చేత్తో సిలాస్ పుస్తకం పట్టుకుని మళ్ళీ ఆ పేర్లే లెక్కపెడుతున్నాడు. పేర్ల చివరి పుట దగ్గర కత్తి ఆగిపోయింది. అక్కడ మా అవ్వ పేరుంది.

"థామసిన్! ఆ డాబుగాడి పుస్తకానికి నువ్వు డబ్బు కట్టావా?"

"కట్టాను. కోడిగుడ్లమ్మి కట్టాను. అయితే ఏంటి?" అంది అవ్వ, వెనకనున్న వంటింట్లోంచి.

"నా పరువేం కావాలే?"

"పేర్లు లెక్కపెట్టడమేనా, లోపల ఒక్క పుటైనా చదివావా?"

తాత పౌరుషంగా పుట తిప్పాడు. తర్వాత ఇంకోటి తిప్పాడు. సిలాస్ తల్లిని వేరే తోటకు అమ్మేసిన రోజు అక్కడుంది, ఆమె తలగుడ్డ రంగుతో సహా. తన తల్లిని అమ్మేసిన రోజు గురించి తాత ఒక్క వాక్యమే రాయగలిగాడు. ఆ పైన చెయ్యి సాగలేదు.

పెండర్ మొహం మీద నురగ ఎండిపోయింది.

"ఏమోయ్ టాబ్, రెండో చెంప వచ్చే ఏడాది గీస్తావా? ఒక్క మాట విను. నువ్వు సభకు రాకపోతే మా తాళ్ళవాళ్ళం ఒక్కరం కూడా సంతకం పెట్టం. ఆ సిలాస్ ఎవడో మాకేం తెలుసు? రోజూ నీ కత్తి కింద పీక పెట్టేవాళ్ళం, నీ మాటైతే నమ్ముతాం."

తాత కత్తి మడిచి, టోపీ పెట్టుకుని బయల్దేరాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప గరుగ్గా ఉన్న పెండర్ ఆయన వెనకే నడిచాడు. దారిలో తాళ్ళవాళ్ళంతా కలిశారు. ఆ అర్జీలో సిలాస్ పేరు కింద తాత పేరుంటుంది. కలం ఎంత గట్టిగా నొక్కాడంటే, అక్కడ కాగితం చిరిగింది.

నిన్న ఇదంతా రాస్తూ, "తాతా, ఆ రోజుతో నీ అసూయ పోయినట్టేనా?" అని అడిగాను.

"పోలేదు. వాడు నాకంటే బాగా రాస్తాడు. ఆ మాట మాత్రం నువ్వు రాయకు."