పన్ను పీకించుకున్నానని చెప్పావు కదా వదినా

నిన్న పొద్దున్న కాఫీ కలుపుకుంటుంటే చల్లపల్లి నుంచి అన్నయ్య గారు ఫోన్ చేశారు.

"మీ వదిన వెళ్లిపోయిందమ్మా" అన్నారు.

"ఎక్కడికి?" అని అడిగాను. నిజంగానే అడిగాను. అర్థం కాలేదు మరి.

సుగుణ వదిన నాకు చుట్టం కాదు. మాది గుడివాడ. విజయవాడలో కీళ్లవాతం డాక్టర్ గారి దగ్గర పక్కపక్కన కూర్చుని వదినా మరదళ్లమైపోయాం. ఇద్దరికీ ఒకటే జబ్బు. ఒంట్లో రక్షణగా ఉండాల్సిందే కీళ్ల మీద పడి తినేస్తుంది. దాన్ని అణచడానికి మందులు వాడితే ఇమ్యూనిటీ పడిపోతుంది.

మాకు వారానికోసారి వేసుకునే బిళ్ళ ఒకటి ఉంటుంది. ఆదివారం చర్చి నుంచి రాగానే వదిన ఫోన్. "ఏమే, బిళ్ళ పడిందా?" హలో కూడా ఉండదు.

కరోనా వచ్చాక ఆవిడకి చర్చీ పోయింది, నాకు వీధీ పోయింది.

సరిగ్గా అప్పుడే ఇద్దరికీ పన్ను నొప్పి.

లవంగ నూనె, ఉప్పు నీళ్లు, అన్నీ అయ్యాయి. బుగ్గలు మాత్రం పూరీల్లా పొంగాయి.

డెంటిస్ట్ దగ్గరికి వెళ్లాలంటే హడల్. అక్కడ మాస్క్ తీసి నోరు తెరవాలి కదా. మన ముందు ఆ కుర్చీలో కూర్చుని ఎవరు దగ్గి వెళ్లారో ఎవరికి తెలుసు? "పన్ను అలా వదిలేస్తేనే ప్రమాదం, జాగ్రత్తగా వెళ్లి చూపించుకోండి" అని మా డాక్టర్ గారు ఫోన్లో చెప్పారు. అయినా ధైర్యం చాల్లేదు.

"ముందు నువ్వెళ్లు వదినా" అని నేను. "చిన్నదానివి, నువ్వే ముందు" అని ఆవిడ.

చివరికి ఆవిడే తేల్చింది. "సర్లే, పెద్దదాన్ని నేనే కదా. రేపు బందరు వెళ్తున్నా."

మర్నాడు వీడియో కాల్. బుగ్గలో దూది, మాట ముద్దముద్దగా. "అయిపోయిందే! చీమ కుట్టినట్టు కూడా లేదు. అందరూ నిలువెల్లా కోట్లు తొడుక్కున్నారు, ఒక్కొక్కళ్లనే లోపలికి పిలిచారు. వెళ్లిరావే పిచ్చిమొహమా!"

నమ్మాను.

ఆ ధైర్యంతోనే గుడివాడలో ఫస్ట్ అపాయింట్‌మెంట్ తీసుకుని పీకించుకున్నాను. చెబితే నాకంటే ఆవిడే ఎక్కువ సంబరపడింది.

తర్వాత వీడియో కాల్స్ మానేసింది. కెమెరా పాడైందంది. అదీ నమ్మాను.

నిన్న అన్నయ్య గారు ఏడుస్తూ చెప్పారు. "ఎక్కడ పీకించుకుందమ్మా? క్లినిక్ గుమ్మం దాకా తీసుకెళ్లాను. వరండా నిండా జనం, సగం మందికి మాస్కుల్లేవు. కారు దిగనంది. బతిమాలినా వినలేదు. నీకు మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. చెబితే నువ్వు కూడా ఆగిపోతావని."

ఇన్ఫెక్షన్ దవడలోంచి మెడలోకి, అక్కడి నుంచి రక్తంలోకి వెళ్లిందట. మేం వాడే మందుల వల్ల జ్వరం కూడా సరిగ్గా బయటపడలేదట. హాస్పిటల్లో ముందు కోవిడ్ టెస్ట్ చేశారు.

నెగెటివ్.

నెగెటివ్ వదినా! నువ్వు భయపడి చచ్చింది దేనికో, అది నీ దగ్గరికి రానే లేదు.

ఏడవాలో తిట్టాలో తెలియడం లేదు. అందుకే రెండూ చేస్తున్నాను.

"పన్ను ఎలా ఉంది వదినా?" అని అడిగితే, "లేని పన్ను ఎలా ఉంటుందే?" అని నవ్వావు. ఎంత మోసం! నాకు నిజం చెప్పి ఉంటే జుట్టు పట్టుకునైనా గుడివాడ ఈడ్చుకొచ్చేదాన్ని. నా పన్ను పీకిన కుర్చీలోనే నిన్నూ కూర్చోబెట్టేదాన్ని. నాకు ధైర్యం చెప్పడానికి నోరొచ్చింది కానీ, "భయమేస్తోందే, తోడు రా" అనడానికి రాలేదా నీకు?

నీ అబద్ధంతో నేను బతికాను. ఇదెలా మోయమంటావు?

నిన్న సాయంత్రమే నిన్ను మట్టి చేశారు. జనంలోకి వద్దని మా ఇంట్లో గొడవ. రెండు మాస్కులు వేసుకుని వచ్చాను. పెట్టె మూయబోతుంటే నీ బుగ్గ మీద చెయ్యి వేశాను. ఇంకా వాచే ఉంది వదినా. ఎన్నాళ్లు ఈ బుగ్గతో నాతో నవ్వుతూ మాట్లాడావో.

నేను నిన్ను క్షమించలేదు. నీ యేసయ్య క్షమించి, ఇప్పటికైనా నీకు నొప్పి లేని నిద్ర ఇవ్వాలి.

ఇక పడుకో తల్లీ.