సత్యం మావయ్య, మధ్య తీగ

అనకాపల్లిలో మోటార్లు చుట్టే కొట్టు ముందు నుంచే రోజూ ఆఫీసుకి నడిచి వెళ్తాను. ఈ ఉదయం అక్కడ కాలిన వార్నిష్ వాసన గుప్పుమంది. కాళ్లు ఆగిపోయాయి. ఆ వాసన తగిలితే నాకు నీలమ్మ పిన్ని కుట్టు మిషను గుర్తొస్తుంది. ఆ వెనకే, సైకిలుకి తాడు చుట్ట తగిలించుకుని వచ్చే సత్యం మావయ్య.

ఆయన మాకు చుట్టం కాదు, మా ఊరి లైన్‌మన్. మా వీధి చివర చిన్న ట్రాన్స్‌ఫార్మర్, దాన్నుంచి మూడు తీగలు. ఒకటి పిండిమర ఉన్న ఎదుటి వరసకి, ఒకటి మా వరసకి, మధ్యలోది రెండింటికీ ఉమ్మడి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక వింత గమనించాను. మర ఆడినప్పుడల్లా ఎదుటి వరసలో దీపాలు మసకబారేవి, మా బల్బు మాత్రం తెల్లగా మండేది. మా వరసంతా మురిసిపోయింది. "కరెంటంటే మాదే!" అని పక్కింటి నీలమ్మ పిన్ని ఎదుటివాళ్లని ఉడికించేది. నాకెందుకో భయం వేసింది. నలుగురిలో నోరు విప్పలేని పిల్లని. వారం రోజులు డైరీలో రాసుకున్నాను, మర మొదలైన వేళతో సహా.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం పిన్ని మిషను మోటారు పొగలు కక్కింది. ఆ కుట్టుపనితోనే ఆమె ఇల్లు నడిచేది. మావయ్య వచ్చి స్తంభం ఎక్కి దిగాడు. మధ్య తీగ అతుకు వదులై, చివరికి ఊడిపోయిందట. "ముందే తెలిత్తే బాగుణ్ణు. ఒక్కరూ సూడలేదేటి?" అన్నాడు. నేను ఏడుస్తూ డైరీ తెచ్చి ఇచ్చాను.

చదివాడు. తిట్టలేదు. ఇసకలో పుల్లతో మూడు గీతలు గీశాడు.

"ఒలే గుంటా, ఇలా సూడు. రెండేపులా ఒకేలాగ వాడితే మద్దెలో తీగలో ఏటీ పారదు. ఒకేపు ఎక్కువైతే ఆ తేడా అంతా ఇదే మోత్తాది. అతుకు ఊడిందా, ఇంక మోసీది లేదు. మర ఉన్న ఏపు ఓల్టేజి పడిపోద్ది, ఒంటి బల్బున్న ఏపు పెరిగిపోద్ది. మీరంతా మురిసిపోయిన ఎలుగు అదే."

డైరీ నా చేతిలో పెట్టి, "ఇంత బాగా సూసేవు. రాసి దాసేత్తే నాకెలా తెలుత్తాదమ్మా?" అన్నాడు.

పిన్ని రెండు నెలలు కాళ్లతోనే మిషను తొక్కింది. నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేదనిపించేది.

మరుసటి ఏడు గాలివాన వెలిసిన పొద్దున మా బల్బు మళ్లీ తెల్లబడింది. ముందు పిన్ని ఇంటికి పరుగెత్తి మిషను ఆపించాను. అక్కణ్ణుంచి మర దగ్గరికి. అక్కడ పిండి కోసం పదిమంది నిలబడి ఉన్నారు. "మర ఆపండి" అన్నాను. మర హోరులో ఎవరికీ వినబడలేదు. మళ్లీ అరిచాను.

"ఏటే, ఇంజనీరమ్మ వచ్చింది!" అన్నాడు మర ఆడించే బాబాయి. అందరూ నవ్వారు. నేను కదల్లేదు. విసుక్కుంటూనే మర ఆపాడు.

కబురందుకుని వచ్చిన మావయ్య, లైను ఆపి స్తంభం ఎక్కాడు. పైనుంచే మర బాబాయికి కేక వేశాడు: "ఒరే బావా, మద్దెలో తీగ ఒక్క పోగు మీద ఏలాడతందిరా! ఆ ఇంజనీరమ్మకి దండం ఎట్టు!"

ఆ రోజు వీధిలో ఏదీ కాలలేదు.

మావయ్య పోయి రెండేళ్లయింది. నేనిప్పుడు కరెంటాఫీసులో సబ్ ఇంజనీరుని. జనంలో మాట్లాడాలంటే ఇప్పటికీ బెరుకే. అయినా ఏ వీధికి వెళ్లినా అడుగుతాను, "మీ దీపం ఎప్పుడైనా మరీ ఎక్కువగా వెలిగిందా?" అని. వెలుగు తగ్గితే అందరూ చెబుతారు, పెరిగితే ఎవరూ చెప్పరు. గుమ్మం వెనక తలుపు పట్టుకుని చూస్తున్న ఆడపిల్ల ఎవరైనా కనబడితే, ముందు ఆ పిల్లనే అడుగుతాను. జవాబు వచ్చేదాకా నిలబడతాను.